ఎస్‌ఎస్‌డీ వేశాక రీస్టార్ట్ దగ్గర తంటానా? ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

తెనాలిలో మా బాబాయికి చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఎనిమిదేళ్ల నాటి డెస్క్‌టాప్. దాని హార్డ్‌డిస్క్ ముక్కీ మూలిగీ లేచేసరికి, ఆధార్ ప్రింట్ కోసం వచ్చినవాళ్లు పక్క షాపుకు వెళ్లిపోయేవాళ్లు. నా పోరు పడలేక దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే డ్రైవ్) వేయించాడు. మూడో రోజు ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, స్పీడు సంగతి ఎందుకడుగుతావు, రాకెట్టే. కానీ రీస్టార్ట్ కొడితే తెర నల్లగా అయిపోయి తెల్లగీత ఒకటి కొట్టుకుంటోంది. ప్లగ్గు పీకి పెడితే మళ్లీ మామూలే. కొత్త డిస్కు అప్పుడే పోయిందంటావా?"

పోలేదు. "ప్లగ్గు పీకి పెడితే మామూలే" అన్న ఆ ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది. డ్రైవ్ మార్చాక వచ్చే రీస్టార్ట్ గొడవలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల నాలుగైదు వేర్వేరు జబ్బులు. ఏదో ఒకటని విండోస్ మళ్లీ ఎక్కించేస్తే సగం సందర్భాల్లో రోజంతా పోతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. ఇక్కడ చెప్పేది విండోస్ 10, 11 ఉన్న డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌ల గురించి.

రీస్టార్ట్ వేరు, షట్‌డౌన్ వేరు

కంప్యూటర్ ఆపి ఆన్ చేయడమే రీస్టార్ట్ అని చాలామంది అనుకుంటారు. రెంటికీ రెండు పెద్ద తేడాలున్నాయి.

మొదటిది కరెంటు. షట్‌డౌన్ చేస్తే డ్రైవ్‌కు సరఫరా ఆగిపోతుంది. ఆన్ చేసినప్పుడు అది నిద్రలేచి మొదటినుంచీ మొదలుపెడుతుంది. రీస్టార్ట్‌లో డ్రైవ్‌కు కరెంటు ఆగదు. మదర్‌బోర్డు "మళ్లీ మొదలుపెట్టు" అని ఒక సంకేతం పంపుతుందంతే. ఆ సంకేతం అందుకుని సరిగ్గా లేవడం డ్రైవ్ లోపలి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సొంత ప్రోగ్రామ్) పని. కొన్ని డ్రైవ్‌లకూ కొన్ని బోర్డులకూ అక్కడ పొంతన కుదరదు.

రెండోది విండోస్ చేసే గారడీ. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా మూసుకోదు. తన గుండెకాయ లాంటి కెర్నల్‌ను డ్రైవ్ మీద ఒక ఫైల్‌లో దాచి, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటినుంచి లోడ్ అవుతాయి. అంటే, వినడానికి వింతగా ఉన్నా, షట్‌డౌన్ కంటే రీస్టార్టే అసలైన పరీక్ష.

కాబట్టి మొదటి పని ఈ మూడు రకాలుగా ఆపి చూడటం. ఒక కాగితం మీద రాసుకోండి.

1. మామూలుగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి.
2. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి. ఇది ఫాస్ట్ స్టార్టప్ లేని పూర్తి షట్‌డౌన్. తర్వాత ఆన్ చేయండి.
3. రీస్టార్ట్ కొట్టండి.

మొదటి రెండూ పనిచేసి మూడోది మాత్రమే ఆగిపోతే డ్రైవ్‌కూ బోర్డుకూ మధ్య గొడవ. మా బాబాయిది ఇదే. మొదటిది మాత్రమే పనిచేసి మిగతా రెండూ ఆగిపోతే తప్పు విండోస్ డ్రైవర్లలోనో బూట్ ఫైళ్లలోనో ఉంది, ఇన్నాళ్లూ ఫాస్ట్ స్టార్టప్ దాన్ని కప్పిపెట్టింది. పొద్దున్నే మొదటిసారి రాకుండా, రీసెట్ బటన్ నొక్కితే వస్తుంటే పాత హార్డ్‌డిస్క్‌ను అనుమానించండి. డేటా కోసం దాన్ని కూడా తగిలించే ఉంచి ఉంటారు, అది తిరగడం మొదలుపెట్టేలోపే బయోస్ (విండోస్ కంటే ముందు లేచి డ్రైవ్‌లను వెతికే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) ముందుకు వెళ్లిపోతోంది.

"రీస్టార్టింగ్" అని చుక్కలు గుండ్రంగా తిరుగుతూ పావుగంటైనా ఆరిపోకపోతే అది వేరే కథ. విండోస్ ఇంకా మూసుకోనే లేదు. ఏదో అప్‌డేటో, డ్రైవరో, ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేరో పట్టుకుని కూర్చుంది. దానికి కొత్త డ్రైవ్‌ను తిట్టి లాభం లేదు.

చెయ్యి పెట్టే ముందు

పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి. కొత్తది కనీసం రెండు వారాలు బుద్ధిగా నడిచేదాకా దాన్ని బీరువాలో పెట్టండి. అంతకు మించిన బ్యాకప్ లేదు.

రెండోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడగకపోయినా ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో ఒక సెట్టింగ్ మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్పుడు పడే టెన్షన్ పగవాడికి కూడా వద్దు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచే లాగిన్ అయి ఆ కీ ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్ ఇప్పటికి ఎలాగోలా ఆన్ అవుతుంటే బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి ఆ తర్వాతే బయోస్‌లోకి వెళ్లండి.

బయోస్‌లో ఏది మార్చినా ముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత సెట్టింగ్ ఏమిటో గుర్తులేక తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ని.

డ్రైవ్ బయోస్‌కు కనిపిస్తోందా?

రీస్టార్ట్ దగ్గర ఆగిపోయినప్పుడు ప్లగ్గు పీకకుండా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి వెంటనే బయోస్‌లోకి వెళ్లండి. చాలా డెస్క్‌టాప్‌లలో డిలీట్ కీ, ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2 లేదా ఎఫ్10. అక్కడి డ్రైవ్‌ల జాబితాలో కొత్త ఎస్‌ఎస్‌డీ పేరు ఉందా లేదా అన్నదే ప్రశ్న. లేకపోతే విండోస్ జోలికి పోవాల్సిన పనే లేదు. మీరు విండోస్‌ను పదిసార్లు ఎక్కించినా బయోస్‌కు కనిపించని డ్రైవ్ నుంచి అది ఎలా లేస్తుంది?

ముందు వైర్లు. సాటా డ్రైవ్ (వైర్లతో తగిలించే రకం) అయితే సన్న వైరు డేటాది, వెడల్పాటిది పవర్‌ది. డేటా వైరు మార్చి, బోర్డు మీద వేరే పోర్టులో పెట్టి చూడండి. పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి కన్వర్టర్‌తో పవర్ ఇచ్చి ఉంటే దాన్ని తీసేసి సప్లై నుంచి వచ్చే అసలు సాటా వైరే ఇవ్వండి. వైరు బాగుందో లేదో కంటికి తెలియదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే చాలా సాటా డ్రైవ్‌లకు సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అనే వరస కనిపిస్తుంది. ఆ అంకె ఒకసారి పెరిగితే తగ్గదు. కాబట్టి ఎంత ఉందన్నది కాదు, ఇవాళ్టికీ రేపటికీ పెరుగుతోందా అన్నది చూడాలి. పెరుగుతోందంటే వైరో పోర్టో బాగాలేదు.

ఎం.2 రకం అయితే మూడు సంగతులు. చిన్న పలకలా ఉండే ఈ డ్రైవ్‌ను ఏటవాలుగా దూర్చి లోపలికి పూర్తిగా నెట్టాక, బల్లపరుపుగా వంచి స్క్రూ బిగించాలి. బంగారు రంగు గీతలు సగం బయట కనిపిస్తున్నాయంటే కూర్చోలేదని అర్థం. రెండు, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎం.2లో సాటా రకం వేరు, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం వేరు. స్లాట్ దేన్ని ఒప్పుకుంటుందో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. 2014కు ముందు బోర్డుల్లో సాధారణంగా ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అయ్యే ఏర్పాటే ఉండదు. అడాప్టర్ కార్డు మీద పెడితే విండోస్‌లో డేటా డ్రైవ్‌గా కనిపిస్తుంది గానీ దాని నుంచి లేవదు. మూడు, కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నింపగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, దారులు పంచుకుంటాయి కాబట్టి. కొత్తది పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైందంటే అది చావలేదు, పోర్టు మార్చండి.

ఇక పాత డెస్క్‌టాప్‌లలో నాకు ఎక్కువగా తగిలేది రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ. బయోస్ సెట్టింగ్‌లను పట్టి ఉంచేది అదే. ఏళ్ల తరబడి ప్లగ్గులోనే ఉండటంతో అది చచ్చిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. డ్రైవ్ మార్చడానికని ప్లగ్గు పీకగానే సెట్టింగ్‌లన్నీ ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి. బూట్ మోడ్, సాటా మోడ్, బూట్ ఆర్డర్ అన్నీ తారుమారు. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోయి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. బ్యాటరీ మార్చండి, వంద రూపాయల లోపే. ఆ తర్వాత సెట్టింగ్‌లు సరిచేయండి. ఈ వరస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి.

వైర్లూ బ్యాటరీ బాగుండి, ఆన్ చేస్తే కనిపిస్తూ రీస్టార్ట్‌లో మాత్రమే మాయమవుతుంటే మిగిలినవి మూడు. డ్రైవ్ తయారీ కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడండి. మదర్‌బోర్డు బయోస్‌కు కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆఫ్ చేయండి. ఇది విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కాదు, పేర్లు దగ్గరగా ఉండి చంపుతాయి. దీన్ని ఆఫ్ చేస్తే డ్రైవ్ లేవడానికి బోర్డు కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్ అయితే ఆ స్లాట్ వేగాన్ని ఆటో నుంచి జెన్ 3కి (తక్కువ వేగానికి) దించి చూడటం కూడా మంచి పరీక్ష. రోజువారీ పనుల్లో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.

ఫర్మ్‌వేర్ అంటే కొందరు తేలిగ్గా తీసుకుంటారు. 2024 అక్టోబరులో విండోస్ 11 24హెచ్2 వచ్చినప్పుడు వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్770, ఎస్‌ఎన్580 డ్రైవ్‌లున్న కొన్ని కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. సొంత మెమరీ లేని ఆ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అరువు తెచ్చుకుంటాయి. అంతకుముందు 64 ఎంబీ ఇచ్చే విండోస్ అప్పటినుంచి 200 ఎంబీ ఇవ్వడం మొదలుపెట్టింది, డ్రైవ్‌లకు అది పడలేదు. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చాక సర్దుకుంది. డ్రైవ్‌లో ఏ చిప్పూ కాలలేదు. బయోస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ లేకుండా చేయకండి. మన ఊళ్లలో కరెంటు సరిగ్గా అప్పుడే పోతుంది.

డ్రైవ్ కనిపిస్తోంది, అయినా "బూట్ డివైస్ లేదు" అంటోంది

షాపులో పాత డిస్క్‌ను క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి కాపీ తీసి), రెండూ తగిలించి ఇస్తారు. పైకి అంతా బాగుంటుంది. విండోస్ కొత్త ఎస్‌ఎస్‌డీ నుంచే నడుస్తుంటుంది గానీ దాన్ని లేపే బూట్‌లోడర్ పాత డిస్క్ మీదే మిగిలిపోయి ఉంటుంది. కొత్త ఇంట్లో కాపురం పెట్టి తాళంచెవి పాత ఇంట్లో వదిలేసినట్టు. పాత డిస్క్ మూలిగిన రోజు ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు.

పరీక్ష తేలిక. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ వైర్లు పీకేసి, కొత్తది ఒక్కటే ఉంచి ఆన్ చేయండి. లేచిందా, క్లోన్ మంచిదే, బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్" అన్న దాన్ని మొదట పెట్టండి. లేవలేదా, మొదట బూట్ మోడ్ చూడండి. డిస్క్‌ను భాగాలుగా విడదీసే పద్ధతులు రెండు, పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే బయోస్‌లో లెగసీ లేదా సీఎస్ఎం (పాత తరహా బూట్) ఆన్‌లో ఉండాలి. జీపీటీ అయితే యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్) ఉండాలి. అది కలవకపోతే ఎంత మంచి క్లోన్ అయినా లేవదు. లెగసీలో పెడితే లేచిందంటే అలాగే వాడుకోవచ్చు. యూఈఎఫ్ఐకి మారాలనుకుంటే విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టు లోపలే ఉంది, డేటా తీసేయకుండానే మారుస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా నేనైతే ముట్టుకోను.

యూఈఎఫ్ఐలోనే ఉండి బూట్‌లోడర్ లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ కావాలి. దాన్నుంచి బూట్ చేసి మొదటి తెర మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. బాబాయికి ఫోన్‌లో చెప్పినట్టే చెబుతాను, అక్షరాలు మాత్రం ఇంగ్లీషులో కొట్టుకోండి.

"డిస్క్‌పార్ట్" అని కొట్టి ఎంటర్. "లిస్ట్ వాల్యూమ్" అనండి. వచ్చిన జాబితాలో ఫ్యాట్32 అని ఉండి వంద ఎంబీకి అటూ ఇటూ ఉన్నదాని నంబరు చూసుకోండి. మీ పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32గానే కనిపిస్తుంది, సైజు చూసి తేడా పట్టండి. "సెలెక్ట్ వాల్యూమ్" అని ఆ నంబరు, తర్వాత "అసైన్ లెటర్ ఈక్వల్‌టు ఎస్", తర్వాత "ఎగ్జిట్". ఈక్వల్‌టు అంటే గుర్తే, మాట కాదు. ఇప్పుడు "బీసీడీబూట్" ఒకే పదంగా కొట్టి, స్పేస్, సి కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ. ఎంటర్. పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు విండోస్ ఉన్న డ్రైవ్ సి కాకుండా డి అని కూడా కనిపించవచ్చు. ముందు "డిర్ సి కోలన్" అని కొట్టి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకోండి.

ఆ వంద ఎంబీ భాగం అసలు లేనే లేదంటే క్లోన్ సగంలో జరిగింది. దానికి అతుకులు వేయడం కంటే పాత డిస్క్ తగిలించి, ఈసారి డిస్క్ మొత్తాన్ని ఎంచుకుని మళ్లీ క్లోన్ చేయడమే నయం. అంతకుముందు పాత విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయండి.

లోగో వస్తుంది, నీలం తెర, మళ్లీ లోగో

తెర చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుందా? మూడుసార్లు లోగో దగ్గర పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేస్తే విండోస్ రిపేర్ తెరకు వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ కొట్టి, వచ్చిన జాబితాలో 9 నొక్కండి. తప్పు జరిగినా దానంతటది రీస్టార్ట్ కాకుండా ఆగుతుంది. ఇప్పుడు తాపీగా చదవచ్చు.

"ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంటే చాలావరకు సాటా మోడ్ (బోర్డు డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి) మారింది. బయోస్‌లో ఏహెచ్‌సీఐ అనీ, రైడ్ లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనీ, కొత్త ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనీ ఉంటుంది. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కిందో అదే మోడ్ డ్రైవర్‌ను వెతుక్కుంటుంది. మోడ్ మారితే తన డ్రైవే తనకు కనిపించదు. ముందు మోడ్‌ను ఉన్నచోటికి తిప్పండి, లేస్తుంది. లేచాక ఏహెచ్‌సీఐకి మారాల్సిన అవసరం నిజంగా ఉంటే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. మధ్యలో బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో లేవగానే విండోస్ కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

పనిలో ఉండగా దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే

విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. 41 అనే నంబరు చూసి అందరూ కంగారుపడతారు. అది "నేను సరిగ్గా మూసుకోకుండానే ఆగిపోయాను" అని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు. దానికి కొద్ది క్షణాల ముందు ఏముందో చదవండి. 129, 153, 11 నంబర్లు కనిపిస్తే డ్రైవ్ సమయానికి జవాబివ్వట్లేదు, వైర్లూ ఫర్మ్‌వేర్ దగ్గరకు తిరిగి వెళ్లండి. 1074 ఉంటే ఏదో ప్రోగ్రామో అప్‌డేటో అడిగి మరీ రీస్టార్ట్ చేయించింది, దాని పేరు కూడా అక్కడే ఉంటుంది. ముందు ఏమీ లేకుండా ఒక్క 41 మాత్రమే పదేపదే ఉంటే పవర్ సప్లైని, ర్యామ్‌ను చూడండి. డ్రైవ్ మార్చేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కొంచెం లేచి ఉండటం మామూలే. తీసి, రెండువైపులా టక్‌మనే దాకా నొక్కండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో మీ ఊరి షాపులోనో వేయించుకుంటే, డబ్బు ఇచ్చేముందు అక్కడే మూడుసార్లు రీస్టార్ట్ కొట్టించండి. ఆన్ చేసి చూపించడం ఎవరైనా చేస్తారు.

బాబాయి సంగతి

వైరు మార్చించాను, పోర్టు మార్చించాను, మార్పు లేదు. రీస్టార్ట్‌లో బయోస్‌కు డ్రైవ్ కనిపించట్లేదు, ప్లగ్గు పీకి పెడితే కనిపిస్తోంది. అదే వైరుకు నా దగ్గరున్న వేరే ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే ఎన్నిసార్లు రీస్టార్ట్ కొట్టినా లేచింది. అంటే బోర్డు మంచిదే. కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ దొరికింది. ఎక్కించాక "రీస్టార్ట్ నౌ" అని బటన్ వచ్చింది. బాబాయి నొక్కబోతుంటే ఆపి, షట్‌డౌన్ చేయించి ప్లగ్గు పీకించాను. కొత్త ఫర్మ్‌వేర్ కరెంటు పూర్తిగా పోయి వస్తేనే కుదురుగా మొదలవుతుందని నా లెక్క. ఒక నిమిషం ఆగి ఆన్ చేశాం. తర్వాత వరసగా ఐదుసార్లు రీస్టార్ట్ కొట్టాం, ఐదుసార్లూ లేచింది. ఆరోసారికి బాబాయి ఒప్పుకోలేదు. కౌంటర్ దగ్గర ఆధార్ ప్రింట్ కోసం ఒకావిడ అప్పటికే నిలబడి ఉంది.